ఎండ కళ్ళలో పడింది

మార్చి 11

పొద్దున్నే షట్టర్ తీసేసరికి పోలీసు క్యాంపు నుంచి ఇద్దరు జవాన్లు నా కొట్టు గోడకి ఒక కాగితం అంటిస్తున్నారు. గోడ నాది, సున్నం నాది. అడగాలన్న మర్యాద కూడా లేదు. పైగా కాగితం మూల లేచిపోతుంటే నేనే వేలితో నొక్కిపెట్టాను.

ఎస్‌డీఎం ఆర్డరట, మన వైపు ఆర్డీవో లాంటి అధికారి. అంతా హిందీ. బజారులోనూ క్యాంపు రోడ్డు మీదా ఐదుగురు గానీ అంతకు మించి గానీ గుమిగూడకూడదు. రెండు నెలలు అమల్లో ఉంటుంది. కింద ముద్ర, సంతకం.

మా పైడమ్మ బయటికొచ్చి దానివంక చూసి, "ఏటిది, మళ్ళీ ఓట్లా?" అంది. దానికి చదువు రాదు. సంగతి చెప్పాను. "మనింట్లో ఉన్నది ముగ్గురం. మనకేటి భయం?" అంది.

నిజమే. మనకేం భయం.

భయమంతా ఊరి రోడ్డు మీది కల్వర్టు, ఆ మోరీ గురించే. ఈ ఊళ్ళో ఫోన్ సిగ్నల్ తగిలేది అక్కడే. సరిహద్దుకి అవతల తెలంగాణ వైపు టవరు నుంచి ఎలా వస్తుందో ఏమో, ఆ మోరీ గట్టు మీద కూర్చుంటే వస్తుంది, కాస్త ఇటు జరిగితే పోతుంది. అందుకని పొద్దు వాలేసరికి ఊళ్ళో కుర్రకారంతా అక్కడే ఉంటారు. సన్న అనే కుర్రాడు పాటలు పెడతాడు. మా కల్యాణి కాలేజీ ఫలితాలు చూసుకోవాలంటుంది. ఏ కాలేజీకైనా రోజూ ఫలితాలు వస్తాయా?

మార్చి 12

మోరీ దగ్గరికి వెళ్ళొద్దని కల్యాణికి గట్టిగా చెప్పాను. వెళ్ళింది.

మార్చి 15

అనుకున్నంతా అయింది. థానేదారు జీపు మోరీ దగ్గర ఆగింది. అతను ఇక్కడి పోలీసు థానాకి పెద్ద, కొత్తవాడు, ఎక్కడో మైదానాల నుంచి బదిలీ మీద వచ్చాడు. చీకటి పడే వేళ ఇరవైమంది కుర్రాళ్ళు కొండకేసి తిరిగి, చేతుల్లో ఫోన్లు వెలుగుతుంటే చప్పుడు లేకుండా కూర్చోవడం చూసి అతనికేం తోచిందో. లాఠీతో గట్టు మీద టపటపా కొట్టాడు. పిల్లలు తలో దిక్కుకీ పరిగెత్తారు. మా అమ్మాయి మాత్రం పరిగెత్తలేదు, నడిచి వచ్చింది. నాకు వచ్చిన చావల్లా అదే.

"ఆర్డర్ల మోరీ లేదు నాన్నా," అంది ఇంటికొచ్చి. "బజార్ అని ఉంది, క్యాంపు రోడ్డు అని ఉంది. మోరీ ఊరి రోడ్డు మీద ఉంది. అక్కడ మమ్మల్ని లేపే అధికారం ఆయనకు లేదు."

"ఆ మాట ఆయనకి గానీ చెప్పావా?"

"చెప్పిన."

దాహం వేసి రెండు చెంబుల నీళ్ళు తాగాను. పైడమ్మ నవ్వుతోంది. కూతురు ప్లీడరయిందని సంబరం కాబోలు.

పిల్ల పుట్టింది ఇక్కడే. దాని తెలుగు వాళ్ళమ్మకే సగం అర్థం కాదు. మాట్లాడుతుందే తప్ప చదవడం రాదు, బడి అంతా హిందీలో అయింది. ఒకందుకు మంచిదే. ఈ ఊళ్ళో తెలుగు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఈ పుస్తకాన్ని బియ్యం బస్తాల వెనక ధైర్యంగా పెట్టుకుంటున్నాను.

మార్చి 16

ఇవాళ కొత్త వేషం. నలుగురు మోరీకి ఈ కొసన, నలుగురు ఆ కొసన, ఇంకో నలుగురు రోడ్డుకి అవతల. ఐదో మనిషి వస్తే మొదటివాడు లేచి పక్క జట్టులోకి పోతున్నాడు. దూరం నుంచి చూస్తుంటే నాకే నవ్వొచ్చింది. థానేదారు జీపులోంచి చూశాడు. నాలుగూ నాలుగూ కలిపితే ఎనిమిది అన్నాడట. "కలపమని ఆర్డర్ల లేదు సాబ్" అన్నదట నా కూతురు.

నాకు నవ్వు ఆగిపోయింది.

మార్చి 19

క్యాంపుకి కొత్త జవాను వచ్చాడు. సబ్బులు కొనడానికి వచ్చి, "ఏం బాబాయ్, మనోళ్ళేనా?" అన్నాడు తెలుగులో. పేరు యేసుపాదం. ఒంగోలు వైపట. బచేలీ ఇనప గనిలో మా నాన్న ఉద్యోగం, ఆయన పోయాక నేనిక్కడ కొట్టు పెట్టడం, అన్నీ అడిగి తెలుసుకున్నాడు. మంచివాడిలా ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ బిస్కట్ పాకెట్టు మీద తెలుగులో ఉన్న అక్షరాలు పైకి చదివాడు.

చదివాడు! అతను అటు వెళ్ళగానే ఈ పుస్తకాన్ని బియ్యం బస్తాల వెనక నుంచి తీసి ఉప్పు బస్తా అడుగున పెట్టాను.

మార్చి 22

జరిగింది జరిగినట్టు రాసి పడుకుంటాను.

సాయంత్రం జీపు రాగానే పిల్లలు ఎప్పటిలాగే చెదిరిపోయారు. కల్యాణి ఇంట్లోనే ఉంది, దేవుడి దయ. సన్న నా కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. వాడు మోరీ దగ్గరికి వెళ్ళనేలేదు. తెల్లారగట్ల నుంచి అడవిలో ఇప్పపువ్వు ఏరి, బుట్టలు మోసుకొచ్చి దాహమన్నాడు, నేనే చెంబుతో నీళ్ళిచ్చాను. చెంబు వాడి చేతిలోనే ఉంది.

జీపు సరిగ్గా నా కొట్టు ముందు ఆగింది. థానేదారూ ఇంకో ఇద్దరూ దిగారు. ఒకడు చొక్కా కాలర్ పట్టుకుని వాణ్ణి లేపాడు. చెంబు కింద పడింది. సన్న నా వంక చూసి "మామా" అన్నాడు. అరవలేదు. ఇంకో చెంబు నీళ్ళు అడుగుతున్నట్టు మామూలుగానే అన్నాడు.

నేను ఉల్లిపాయలు తూస్తున్నాను. కొనేవాళ్ళెవరూ లేరు. ఊరికే తూస్తున్నాను.

వాణ్ణి జీపులో వేసుకుని క్యాంపు వైపు వెళ్ళారు. థానా ఆ ఆవరణలోనే ఉంది. నేను షట్టర్ దించేశాను. చెంబు బయటే ఉండిపోయింది.

మార్చి 23

నిన్న ఎండ కళ్ళలో పడింది. నేనేమీ సరిగ్గా చూడలేదు.

మార్చి 24

సన్న తల్లి హుంగే వచ్చింది. నిన్నంతా థానా గేటు దగ్గరే కూర్చుందట. అలాంటివాణ్ణి ఎవర్నీ తేలేదన్నారట. అడవిలోకి పోయి తుపాకులు పట్టిన లోపలివాళ్ళలో కలిశాడేమో చూసుకోమన్నారట. ఆ మాటకి అర్థం ఇక్కడ పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఇవాళ అడవిలోకి పోయాడంటారు. రేపు అడవిలో శవమై దొరికాడంటారు. ఎలా దొరికాడో కూడా వాళ్ళే చెబుతారు, ఇక అడగడానికి ఏమీ ఉండదు.

"అన్నా, నా కొడుకు నీ బల్ల మీదనే కూసున్నడంట గదా. సూసినవా?" అంది.

"ఎండ కళ్ళలో పడింది హుంగే. నేను చూడలేదు."

కొంగు కింద నుంచి నా చెంబు తీసింది. బల్ల కింద మట్టిలో దొరికిందట. శుభ్రంగా తోమి తెచ్చింది. దాన్ని గల్లాపెట్టె పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

లోపల్నుంచి పైడమ్మ అంతా విన్నది. "మన కొట్టు తూరుపు ముఖం కదేటి," అంది. "సాయంత్రం పూట ఎండ నీ కళ్ళల్లో ఎలగ పడిందేటి?"

తలనొప్పిగా ఉందని చెప్పి పడుకున్నాను. నిజంగానే తలనొప్పి.

మార్చి 25

నిదానంగా ఆలోచించాను. నా మీద తప్పేమీ లేదు. మనం ఈ ఊరివాళ్ళం కాదు. వాళ్ళ దేవుళ్ళు వేరు, వాళ్ళ కట్టుబాట్లు వేరు. అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ మధ్య ఉప్పూ పప్పూ అమ్ముకుని బతికేవాణ్ణి, నేను నోరు తెరిస్తే కొట్టు ఉండదు. కొట్టు పోతే పోయింది, పిల్ల ఉంది కదా. ఆ థానేదారు దృష్టి అసలే కల్యాణి మీద ఉంది. సన్న సంగతి నేను చెప్పానంటే తర్వాత వచ్చేది దానికోసమే. ఏ తండ్రయినా నాలాగే చేస్తాడు. ఇందులో పిరికితనం ఏమీ లేదు.

ఇదే ముక్క పైడమ్మతో అన్నాను. అది బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండా, "పిల్లకి మలేరియా వచ్చిన ఏడు వాగు పొంగితే, మంచం మీద తర్లగూడ ఆస్పత్రి దాకా మోసిందెవరో?" అంది.

హుంగే మొగుడు. మొలలోతు నీళ్ళలో. ఆ మంచం కూడా వాళ్ళదే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అయితే మాత్రం? ఆ సంగతి వేరు, ఈ సంగతి వేరు.

మార్చి 26

రెండు జరిగాయి ఇవాళ.

పొద్దున కల్యాణి ఆడవాళ్ళందరినీ కూడేసి గోడ మీది ఆర్డరు చదివి వినిపించింది. నా కొట్టు ముందే! నలుగురు నలుగురుగా వచ్చి వినండి అంది, అదొక్కటే నయం. హిందీలో చదవడం, వాళ్ళ గిరిజన భాష దోర్లీలో చెప్పడం. ఎవరు సంతకం చేశారు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎన్నాళ్ళు. పట్టుకున్నవాణ్ణి ఒక రోజు దాటకుండా మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్నది ఈ కాగితంలో లేదు, కానీ అంతకంటే పెద్ద చట్టంలో ఉందట. అసలు ఈ ఆర్డరు ఒంటరిగా కూర్చున్నవాడికి తగలనే తగలదట. "ఒక్కడు గుంపెట్ల అయితడు?" అని అడిగింది. ఎవర్ని అడిగింది? నన్ను కాదు కదా. నేను లోపల శెనగలు శుభ్రం చేస్తున్నాను.

చివర రెండు లైన్లు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. పెళ్ళి ఊరేగింపులకీ శవయాత్రలకీ ఈ ఆర్డరు వర్తించదు అని. అది చదివేసి కల్యాణి పక్కకి జరిగింది.

"ఆఖరిది ఏందన్నవ్ బిడ్డా?" అంది హుంగే. "మల్లొకసారి సదువు."

మళ్ళీ చదివింది. హుంగే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం యేసుపాదం వచ్చాడు. అగ్గిపెట్టె అడిగి, కొట్లో ఎవరూ లేరని చూసుకుని, "బాబాయ్, ఒక మాట చెబుతా, విననట్టే ఉండు," అన్నాడు. "ఆ పిల్లోడు లోపలే ఉన్నాడు. వెనక స్టోరు గదిలో. నడవలేకపోతన్నాడు. రేపో ఎల్లుండో ఎటో తీసుకుపోతారని అనుకుంటన్నారు. నాకూ ఒక తమ్ముడున్నాడు, అందుకని చెబుతన్నా. నా పేరు ఎత్తావంటే నేను చచ్చానే."

"నేనేమీ వినలేదు," అన్నాను. అగ్గిపెట్టె బదులు కొవ్వొత్తి ఇచ్చాను, అతనూ చూసుకోకుండా తీసుకెళ్ళాడు.

ఎవరికీ చెప్పలేదు. అన్నం తినేటప్పుడు పైడమ్మకి చెప్పాను. ఇంట్లో ఆడదానికి చెప్పడం చెప్పడం కిందకి రాదు.

పైడమ్మ చెయ్యి కడుక్కుని ఎక్కడికో వెళ్ళింది.

మార్చి 27

డోలు మోగుతోంది.

వీళ్ళలో చావు కబురు డోలుతోనే చెబుతారు. పెళ్ళి దెబ్బ వేరు, పండుగ దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు. ఇన్నేళ్ళలో నాకూ తేడా తెలిసింది. ఒక దెబ్బ, ఆగడం, మళ్ళీ రెండు. అది వింటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చేతిలో పని చేతిలోనే వదిలి వస్తారు. వచ్చినవాళ్ళు తలా ఒక కొత్త గుడ్డ తెచ్చి శవం మీద కప్పాలి.

ఎవరు పోయారని షట్టర్ తీసి అడిగాను. డోలు కొట్టే ముసలాయన, పేరు బండి, కొట్టు ముందు నుంచే వెళ్తున్నాడు. "హుంగే కొడుకు సావు," అన్నాడు నడుస్తూనే.

బల్ల మీద కూలబడ్డాను. వాడు కూర్చున్న బల్లే అది.

కల్యాణి చెప్పింది తర్వాత. సన్న చచ్చిపోలేదు, చచ్చిపోయాడని ఎవరూ చెప్పలేదు. హుంగేనే వెళ్ళి ఆ ముసలి బండి కాళ్ళ దగ్గర కూర్చుని డోలు కొట్టమందట. బతికున్నవాడికి చావు డోలు కొడితే నిజంగా పోతాడని ఆయన ఒప్పుకోలేదట. "ఎట్లయినా సంపుతరు, అప్పుడు కొట్టే డోలు ఇప్పుడే కొట్టు," అందట హుంగే. ఊళ్ళో పెద్దవాళ్ళు తలలు పట్టుకున్నారట. చివరికి కొట్టాడు.

తల్లి అయి ఉండి ఎలా అనగలిగింది ఆ మాట? నాకు హుంగేని చూస్తే భయం వేస్తోంది. థానేదారుని చూస్తే వేసే భయం కాదు ఇది.

రోజంతా జనం వస్తూనే ఉన్నారు. కిష్టారం వైపు నుంచి కూడా వచ్చారు. వచ్చినవాళ్ళు కొట్లో తువ్వాళ్ళు అడుగుతున్నారు. బతికున్నవాడి చావుకి నేను గుడ్డ అమ్మనన్నాను. షట్టర్ వేస్తానన్నాను. పైడమ్మ నన్ను పక్కకి నెట్టి గల్లా దగ్గర కూర్చుంది. సాయంత్రానికి ఒక్క తువ్వాలు మిగిలింది.

కల్యాణి గది బయట గొళ్ళెం పెట్టాను. రేపు దాన్ని గడప దాటనివ్వను.

మార్చి 28

అంతా రాస్తాను, ఏదీ మర్చిపోకూడదు.

పొద్దున లేచి చూస్తే గొళ్ళెం తీసి ఉంది. పైడమ్మని అడిగితే, "తుప్పు పట్టి ఊడిపోనాది," అంది. కొత్త గొళ్ళెం అది. పిల్లని వెనక్కి లాక్కురావడానికి బయల్దేరాను. అందుకే వెళ్ళాను, ఇంకెందుకూ కాదు. పైడమ్మ మిగిలిన తువ్వాలు నా భుజం మీద వేసి, "చావుకి ఉత్తి చేతుల్తో ఎల్తారేటి?" అంది.

క్యాంపు రోడ్డంతా జనం. ముందు డోలుతో ముసలి బండి. వెనక నలుగురి భుజాల మీద హుంగే మంచం. మంచం మీద ఎవరూ లేరు. గుడ్డలు మాత్రం గుట్టగా ఉన్నాయి. దాని పక్కన హుంగే. ఏడవడం లేదు. హుంగే పక్కన గోడ మీది ఆర్డరు చేత్తో పట్టుకుని నా కూతురు. నా గోడ సున్నం ఆ కాగితం వెనక ఇంకా అంటుకునే ఉంది.

గేటు దగ్గర జవాన్లు లాఠీలతో వరసగా నిలబడ్డారు. అందులో యేసుపాదం కూడా ఉన్నాడు. నేలకేసి చూస్తున్నాడు. థానేదారు మైకులో చెప్పాడు, ఐదుగురికి మించి ఉన్నారు, ఇది నేరం, చెదిరిపోండి అని. కల్యాణి కాగితం పైకెత్తి చివరి రెండు లైన్లు హిందీలో గట్టిగా చదివింది. డోలు ఆగింది.

"శవయాత్ర అయితే శవం ఏది?" అన్నాడు థానేదారు.

"లోపల ఉంది," అంది హుంగే. "ఇయ్యండ్రి, తీస్కపోతం."

కల్యాణి ఆ మాటని హిందీలో చెప్పింది.

లోపల ఎవరూ లేరన్నాడు. హుంగే మంచం కోడు పట్టుకుని, "లేకుంటే మావోడు సచ్చిండు, మా సావు మమ్మల్ని సేసుకోనియ్యండ్రి. ఉంటే సూపియ్యండ్రి. డోలు ఆపి ఇంటికి పోతం," అంది.

అంతలో తహసీల్దారు మేడమ్ జీపు వచ్చింది. కల్యాణి తెల్లవారుజామునే మోరీ మీద నిలబడి ఆవిడకి ఫోన్ చేసిందట. చిన్న వయసు మనిషి, ఆవిడ ముఖంలోనూ నెత్తురు లేదు. జనాన్ని లాఠీలతో చెదరగొట్టడానికి అనుమతి రాసి ఇమ్మని థానేదారు కాగితం ముందు పెట్టాడు. ఆవిడ పెన్ను మూత తీసింది. మంచం వంక చూసింది. నేనయితే ఎటు పరిగెత్తాలా అని చూసుకుంటున్నాను. కల్యాణి చెయ్యి పట్టుకోవాలంటే ఇంకా మూడు వరసలు దాటాలి.

"కుర్రాణ్ణి ఇక్కడికి తెచ్చారని ఎవరు చూశారు?" అని అడిగింది ఆవిడ.

ఒక్కొక్కరే నావైపు తిరిగారు. ఊళ్ళో అందరికీ తెలుసన్నమాట. హుంగే ఒక్కతే నావైపు చూడలేదు.

"నేను చూశాను," అన్నాను.

అది నా గొంతులా లేదు. ఎవరో వెనక నుంచి అన్నారనుకుని తిరిగి కూడా చూశాను.

"నా బల్ల మీద నుంచి తీసుకెళ్ళారు మేడమ్. ఒక్కడే ఉన్నాడు. గుంపేమీ లేదు. నీళ్ళు తాగుతున్నాడు, చెంబు నాది."

థానేదారు నా దగ్గరికొచ్చాడు. నీ కొట్లోంచి నీకేం కనబడుతుంది అన్నాడు, మెల్లగా.

"అన్నీ కనబడతాయి సాబ్. తూర్పుముఖం కొట్టు. సాయంత్రం ఎండ వెనక వైపు ఉంటుంది."

అంత పెద్ద మాట ఎలా అన్నానో తెలీదు. పంచె తడిసిందేమోనని కూడా భయం వేసింది. తడవలేదు.

మేడమ్ పెన్ను మూత పెట్టేసింది. సంతకం చేయలేదు. తనే గేటు తోసుకుని లోపలికి నడిచింది.

చాలాసేపు అయింది. ఎండ ఎక్కింది, ఒక్కరూ కదల్లేదు. చివరికి ఇద్దరు జవాన్లు సన్నను చెరో చంక కింద పట్టుకుని తెచ్చారు. ముఖం గుర్తుపట్టేలా లేదు. కాళ్ళు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాయి. పొరపాటున తెచ్చాం, పొరపాటు సరిదిద్దుకున్నాం అన్నాడు థానేదారు, అంతమందీ వింటుండగా.

హుంగే అప్పుడు ఏడ్చింది. నేలమీద పడి ఏడ్చింది.

నడవలేడు కాబట్టి వాణ్ణి ఆ మంచం మీదే పడుకోబెట్టారు. కప్పడానికి తెచ్చిన గుడ్డలన్నీ కిందికి పరుపయ్యాయి. వాడికి చలి వణుకు. నా తువ్వాలు తీసి వాడి మీద కప్పాను. కప్పాక గుర్తొచ్చింది, చావుకి తెచ్చిన గుడ్డ అది. తీసేద్దామంటే వాడు గట్టిగా పట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ముసలి బండి డోలు కొట్టలేదు. బతికినవాణ్ణి మంచం మీద తెచ్చేటప్పుడు ఏ దెబ్బ కొట్టాలో తాతలు చెప్పలేదన్నాడు.

మార్చి 29

నిన్న రాయలేకపోయింది ఒకటుంది. ఊరి మొదట్లోకి వచ్చాక అందరూ ఆగిపోయారు. చావు డోలుతో బయల్దేరిన మంచం మళ్ళీ ఇంటికి రాకూడదు. కాల్చే చోట తలకిందులుగా వదిలేసి రావాలి, అది వాళ్ళ కట్టుబాటు. కానీ దాని మీద కొడుకు ఉన్నాడు. దింపి మోద్దామంటే ముట్టుకుంటే చాలు కేకలు పెడుతున్నాడు. పెద్దవాళ్ళు తలో మాటా అంటున్నారు. మంచం మోస్తున్నవాళ్ళ భుజాలు వణుకుతున్నాయి.

అప్పుడు హుంగే మొదటిసారి నావైపు తిరిగింది.

"నువ్వు మావోళ్ళల్ల మనిషివి కాదు గదా అన్నా," అంది. "మా కట్టు నీకు తగలది. నీ ఇంట్ల పెట్టుకో."

నాలుగు రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్న మాటే అది. ఆమె నోటి నుంచి వింటే వేరేలా ఉంది. సరే అన్నాను. ఇంకేం అనాలి?

సన్న ఇప్పుడు నా కొట్టు వసారాలో ఉన్నాడు. పైడమ్మ గంజి పోస్తోంది. చర్ల నుంచి ఒక కాంపౌండరు వచ్చి కట్లు కట్టి వెళ్ళాడు.

మార్చి 30

గోడ మీద అదే ఆర్డరు మళ్ళీ అంటించి వెళ్ళారు. ఈసారి మూల లేచిపోయినా నేను నొక్కలేదు.

ఏప్రిల్ 1

ఇవాళ సన్న కూర్చున్నాడు.

సాయంత్రం మోరీ దగ్గర ఎవరూ లేరు. అందరూ ఇక్కడికే వచ్చారు. మంచం చుట్టూ, బల్ల మీద, మెట్ల మీద, శెనగల డబ్బా మీద కూడా ఒకడు. పదిహేనుమందికి తగ్గరు. అంతా సరిగ్గా ఆ కాగితం కింద. సిగ్నల్ లేకపోయినా ఏమిటో నవ్వులు. నలుగురు నలుగురుగా రమ్మని కల్యాణిని బతిమాలాను. "రోగిని చూడొచ్చినోళ్ళు నాన్నా," అంది.

అప్పుడే జీపు వచ్చింది.

నవ్వులు ఆగిపోయాయి. ఎవరూ పరిగెత్తలేదు, సన్నను వదిలి ఎవరు పరిగెత్తుతారు? నా చెయ్యి తనంతట తానే షట్టర్ కొక్కెం మీదికి పోయింది. ఈ చెయ్యి నాకు తెలుసు. దాన్ని రెండో చేత్తో పట్టుకుని కిందికి దించాను.

థానేదారు దిగలేదు. జీపులోంచే అడిగాడు, ఎంతమంది ఉన్నారిక్కడ, ఎవరెవరు అని. పిల్లల్ని కాదు. నన్ను.

"ఎండ కళ్ళలో పడుతోంది సాబ్," అన్నాను. "కనబడ్డం లేదు."

అతను నా కళ్ళలోకి చూశాడు. తర్వాత నా కొట్టు పైకప్పు వంక చూశాడు. పొద్దు దాని వెనక్కి ఎప్పుడో దిగిపోయింది. వసారా అంతా నీడ. అతనికి తెలుసు, తూర్పుముఖమని నేనే చెప్పాను. అతనికి తెలుసని నాకూ తెలుసు.

డ్రైవరుతో జీపు పోనిమ్మన్నాడు.

రేపు మళ్ళీ వస్తాడు. కొట్టు ఉంచుతాడో లేదో. కల్యాణి పేరు ఎక్కడ రాసుకున్నాడో. భయంగా ఉంది, ఎంత భయంగా ఉందో ఈ అక్షరాల వంకర చూస్తే తెలుస్తుంది. పుస్తకాన్ని ఉప్పు బస్తా కింద పెట్టడం కూడా మర్చిపోయాను, ఇందాకటి నుంచి గల్లా మీదే ఉంది.

జీపు చప్పుడు పోయాక వెనక నుంచి సన్న "మామా" అన్నాడు. మామూలుగానే అన్నాడు.

చెంబు నింపి తీసుకెళ్ళి ఇచ్చాను.